కంప్యూటరు డిస్కునకు జమాబందీ

సూర్యాపేట జిల్లా మేళ్లచెరువు వంటి ఊరిలోని ఒక ఉన్నత పాఠశాలను ఊహించుకొందము. పదవ తరగతి మార్కుల పట్టికను ఉపాధ్యాయుడు కంప్యూటరులో ఎక్కించి, భద్రపరచు మీటను నొక్కిన మరుక్షణమే కరెంటు పోయినది. కరెంటు వచ్చిన పిదప కంప్యూటరు వెంటనే పనికి సిద్ధము కాలేదు. డిస్కును తనిఖీ చేయుచున్నట్లు తెరమీద ఒక వాక్యము కనబడినది. నిమిషములు గడచుచున్నవి. ఈ సమయములో యంత్రము చేయుచున్న పని ఏమి? మార్కులు దక్కునా?

పహాణీ, ఖాతా, డిస్కు

తెలంగాణ గ్రామములలో భూమి లెక్కలు వ్రాసిన తీరు తెలిసినవారికి ఈ విషయము సులభముగా బోధపడును. పూర్వము పట్వారీ పహాణీ పత్రికలో సర్వే నంబరు వారీగా పట్టాదారు ఎవరు, సాగు చేయువారు ఎవరు, పంట ఏది అని వ్రాయుచుండెను. ఒక పట్టాదారునకు చెందిన సర్వే నంబరులన్నియు ఒక ఖాతా క్రింద చేరును. పట్వారీ పదవులు 1984లో రద్దయినవి. సర్వే నంబరు, ఖాతా నంబరు అను మాటలు మాత్రము నేటికిని వాడుకలో నిలిచినవి.

డిస్కు కూడ ఇట్టి గ్రామమే. దానిని సమానమైన గడులుగా విభజింతురు. ఒక్కొక్క గడి ఒక బ్లాకు. లినక్సు కంప్యూటరులలో సాధారణముగా ఒక బ్లాకున 4096 బైట్లు పట్టును. బ్లాకులు సర్వే నంబరుల వంటివి. ఒక ఫైలు ఏయే బ్లాకులలో ఉన్నదో, దాని పరిమాణము ఎంతో, అది ఎప్పుడు మారినదో తెలుపు చిన్న పత్రమును ఐనోడు అందురు. ఇది ఖాతా వంటిది. విచిత్రమేమనగా ఐనోడులో ఫైలు పేరు ఉండదు. ఏ పేరునకు ఏ ఐనోడు నంబరో తెలుపు జాబితా వేరుగా ఉండును; అదియే డైరెక్టరీ. ఏ బ్లాకు ఖాళీ, ఏది నిండినది అని చూపు పటము మరియొకటి. డిస్కు మొత్తములో ఎన్ని బ్లాకులు, ఎన్ని ఐనోడులు కలవో చెప్పు మొదటి పుట సూపర్ బ్లాకు. ఈ లెక్కలన్నియు కలిసి ఫైలు వ్యవస్థ అగును.

లెక్క ఎందుకు తప్పును?

ఫైలునకు ఒక కొత్త బ్లాకు చేర్చవలెనన్న మూడు చోట్ల వ్రాయవలెను. పటములో ఆ బ్లాకు నిండినదని గుర్తు పెట్టవలెను. ఐనోడులో బ్లాకు నంబరు చేర్చవలెను. బ్లాకులో అసలు సమాచారము నింపవలెను. ఈ మూడును ఒకే క్షణమున జరుగవు. పైగా, వేగము కొరకు కంప్యూటరు వ్రాయవలసినదానిని కొంతసేపు మెమరీలో నిలిపి, తరువాత డిస్కునకు పంపును. నడుమ కరెంటు పోయినచో కొన్ని వ్రాతలు చేరును, కొన్ని చేరవు.

పటములో మాత్రమే గుర్తు పడినచో, ఆ బ్లాకు ఎవరిదియు కాదు. అయినను ఖాళీగా కనబడదు. చోటు వృథా యగును, అంతే. ఐనోడులో మాత్రమే నంబరు చేరినచో ప్రమాదము పెద్దది. పటము ఆ బ్లాకును ఖాళీ అనుచున్నది గనుక, రేపు దానినే మరియొక ఫైలునకు ఇచ్చును. ఒకే సర్వే నంబరు ఇద్దరి ఖాతాలలో ఎక్కినట్లగును. అప్పుడు ఒక ఫైలును మార్చినచో రెండవ ఫైలు చెడును.

ఐదు అంచెల తనిఖీ

రెవిన్యూ వారు ఏటేట గ్రామ లెక్కలను ఒకదానితో నొకటి సరిచూచు పద్ధతికి జమాబందీ అని పేరు. యునిక్సు వ్యవస్థలో ఇట్టి పని కొరకు 1970లలో టెడ్ కొవాల్‌స్కి ఎఫ్.ఎస్.సి.కె. అను ప్రోగ్రామును వ్రాసెను. ఫైల్ సిస్టమ్ చెక్ అను మాటలకు అది పొట్టి రూపము. తరువాత బర్క్‌లీ విశ్వవిద్యాలయమున మార్షల్ కిర్క్ మెక్యూసిక్ దానిని అచ్చటి కొత్త ఫైలు వ్యవస్థకు తగినట్లు మలచెను. విండోసులో ఈ పని చేయు ప్రోగ్రాము చెక్‌డిస్క్.

లినక్సులో తనిఖీ ఐదు అంచెలుగా సాగును. మొదటి అంచెలో ప్రతి ఐనోడును చదివి, అందులోని బ్లాకు నంబరులు డిస్కు హద్దులలో ఉన్నవా, ఒకే బ్లాకు రెండు ఫైళ్లలో ఎక్కినదా అని చూచును. అట్లు చదువుచునే నిండిన బ్లాకుల పటమును తానే కొత్తగా గీసికొనును. రెండవ అంచెలో డైరెక్టరీలలోని ప్రతి పేరునకు నిజమైన ఐనోడు కలదా అని చూచును. మూడవదానిలో ప్రతి డైరెక్టరీ మూల డైరెక్టరీతో కలిసియున్నదా అని పరీక్షించును. నాలుగవదానిలో ఒక్కొక్క ఐనోడునకు ఎన్ని పేర్లు కలవో లెక్కించును. పేరులేని ఐనోడు దొరికినచో, దాని నంబరునే పేరుగా పెట్టి, దొరికిన సొత్తును దాచు ప్రత్యేక డైరెక్టరీలో ఉంచును. ఐదవ అంచెలో తాను గీసిన పటమును డిస్కులోని పటముతో పోల్చి, భేదమున్నచో డిస్కులోనిదానిని దిద్దును.

ఇందలి కిటుకు గమనింపదగినది. తనిఖీ ప్రోగ్రాము పాత పటమును నమ్మదు. ఖాతాలనుండి పటమును తిరిగి పుట్టించును. సూపర్ బ్లాకే చెడినచో, డిస్కులో ఇతర చోట్ల దాచియున్న దాని నకళ్లలో ఒకదానిని తీయును. భూవివాదము వచ్చినప్పుడు 1954-55 నాటి ఖాస్రా పహాణీని వెదకునట్టిదే ఈ పని.

చిట్టా ముందు, ఆవర్జా తరువాత

డిస్కులు పెరిగినకొలది ఈ తనిఖీకి గంటలు పట్టసాగినవి. దీనికి విరుగుడు మన దుకాణదారులకు చిరకాలముగా తెలిసినదే. వారు ప్రతి బేరమును మొదట చిట్టాలో వ్రాసి, తరువాత ఆవర్జాలోని పద్దులకు ఎక్కింతురు. అట్లే ఫైలు వ్యవస్థయు చేయబోవు మార్పును మొదట జర్నలు అను చిట్టాలో వ్రాసి, పూర్తియైనదని ముద్ర వేసి, పిదప అసలు చోట్ల దిద్దును. కరెంటు పోయి వచ్చిన తరువాత ముద్ర ఉన్న పద్దులను మరల ఎక్కించిన చాలును. ముద్రలేనివానిని విడిచిపెట్టును. 1993లో వెలువడిన విండోస్ ఎన్.టి. లోని ఎన్.టి.ఎఫ్.ఎస్., 2001లో లినక్సులో చేరిన ఇ.ఎక్స్.టి.3 ఈ పద్ధతిని అనుసరించినవే.

తనిఖీకి అందనిది

ఇప్పుడు మార్కుల సంగతి. పటములోను, ఐనోడులోను వ్రాత చేరి, సమాచారము మాత్రము చేరలేదనుకొందము. లెక్కలన్నియు సరిపోవును. తనిఖీ ప్రోగ్రాము తప్పు లేదనును. కాని ఆ బ్లాకులో ఉన్నది మార్కులు కావు, అంతకుముందు మిగిలిన చెత్త. జమాబందీలో లెక్క కుదిరినంతమాత్రమున పొలములో పంట ఉన్నట్లు కాదు గదా! తనిఖీ లెక్కల పొందికను చూచునే గాని, సమాచారపు సత్యమును చూడదు. కనుక ఉపాధ్యాయుడు ఫైలును తెరచి, కాగితపు రిజిస్టరుతో ప్రతి వరుసను సరిచూచుకొనవలెను.

మరికొన్ని జాగ్రత్తలు కలవు. వాడుకలో ఉన్న డిస్కును మరమ్మతు చేయరాదు. ఒకవైపు వ్రాయుచుండగా మరియొకవైపు దిద్దినచో ఉన్నదియు చెడును. మొదట దిద్దకుండ కేవలము చూచు పద్ధతిలో తనిఖీ చేయుట మేలు. డిస్కే అరిగి చదువుటకు మొరాయించుచున్నచో, ముందు దాని నకలు తీసి, మరమ్మతును నకలుపై చేయవలెను. పెన్ డ్రైవును పీకుటకు ముందు దానిని విడుదల చేయుమని కంప్యూటరునకు చెప్పవలెను. అన్నింటికంటె ముఖ్యము, విలువైన ఫైళ్లకు మరియొక చోట ప్రతి ఉంచుట. ఏ మరమ్మతును దానికి సాటి రాదు.

తరగతిలో చేయదగిన ప్రయోగము

నల్లబల్లపై ఇరువది గడులు గీసి నంబరులు వేయవలెను. ఒక విద్యార్థి వద్ద పటము, ఒకరి వద్ద ఖాతాలు, ఒకరి వద్ద పేర్ల జాబితా ఉండవలెను. ఫైళ్లను చేర్చుచు, తీసివేయుచు ఉండగా ఉపాధ్యాయుడు హఠాత్తుగా చప్పట్లు కొట్టినంతనే అందరును ఆగిపోవలెను. మిగిలిన విద్యార్థులు మూడు కాగితములను పోల్చి, తప్పు ఎక్కడ ఉన్నదో, ఏ కాగితమును నమ్మి దేనిని దిద్దవలెనో నిర్ణయించవలెను. కరెంటు వచ్చిన తరువాత కంప్యూటరు చేయు పనియు ఇదియే.