వనపర్తి వారి మనుమరాలు

గద్వాల, వనపర్తి సంస్థానములనగానే కవిపండితుల సత్కారములే జ్ఞప్తికి వచ్చును. ఆ వనపర్తి రాజవంశపు దౌహిత్రి చలనచిత్రనటిగా పేరు గడించిన సంగతి కొందఱు శ్రోతలకు క్రొత్త కావచ్చును.

అదితీరావు హైదరీ 1986లో హైదరాబాదున జన్మించిరి. తల్లి గాయని విద్యారావు. మాతామహులు రాజా జె. రామేశ్వరరావు. నిజాము ప్రధానామాత్యులైన సర్ అక్బర్ హైదరీ ఈమెకు తండ్రి వైపు ముత్తాత. లీలా శాంసన్ వద్ద భరతనాట్యము నేర్చి, తమిళమున ‘శృంగారం’లో దేవదాసి పాత్ర ధరించిరి.

ఇంద్రగంటి మోహనకృష్ణ దర్శకత్వమున 2018లో వెలువడిన ‘సమ్మోహనం’ తెలుగున ఆమె తొలిచిత్రము. అందు ఆమెది తెలుగు పలుకుబడి కుదరని సినిమా నాయిక పాత్ర. పరభాషానటులకు వేఱొకరి గొంతు అరువు తెచ్చుట మన చిత్రసీమలో పరిపాటి. ఈమె మాత్రము తన సంభాషణలు తానే పలికిరి. ముఖమొకరిది, గొంతు మఱొకరిది అయినచో పాత్ర రెండుగా చీలదా? ఈ మాట రేడియో శ్రోతలకు వేఱుగ చెప్పనక్కఱలేదు. 2020 నాటి మలయాళ చిత్రము ‘సూఫియుం సుజాతయుం’లో ఆమెది మూగ పాత్ర; అచట కన్నులే పలుకవలసి వచ్చెను.

పిమ్మట ధారావాహికలు: 2023లో ‘జూబిలీ’, 2024లో ‘హీరామండి’. ఆ 2024 సెప్టెంబరులోనే వనపర్తి జిల్లా శ్రీరంగాపురమున, ఆ సంస్థానముతో తరతరముల సంబంధము గల రంగనాయకస్వామి ఆలయమున, నటుడు సిద్ధార్థతో ఆమె వివాహము జరిగినది.