నవోదయ ప్రవేశ పరీక్ష: రాసే అవకాశం ఒక్కసారే.. అయిదో తరగతి పిల్లలను ఇంట్లో ఎలా సిద్ధం చేయాలి?

జవహర్ నవోదయ విద్యాలయాల్లో ఆరో తరగతి ప్రవేశ పరీక్షను ఏ విద్యార్థి అయినా ఒక్కసారే రాయగలరు. అయిదో తరగతి చదువుతున్న ఏడాదే ఆ అవకాశం. సీటు రాలేదని అయిదో తరగతి మళ్లీ చదివించి రాయిస్తామంటే నిబంధనలు ఒప్పుకోవు.

అందుకే చాలామంది తల్లిదండ్రులు నోటిఫికేషన్ రాగానే కోచింగ్ సెంటర్ల కోసం వెతుకుతుంటారు. కానీ ఈ పరీక్షలో సగం మార్కులు బొమ్మల ప్రశ్నలకే. పావు వంతు మార్కులు ఒక పేరా చదివి అర్థం చేసుకోవడానికి. ఇవి ఇంట్లో రోజుకు ముప్పావు గంట కూర్చోబెట్టి నేర్పించగలిగినవే. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సినవి అర్హత, భాష.

ఏమిటీ విద్యాలయాలు?

ప్రతిభ ఉన్న పిల్లలకు, ముఖ్యంగా పల్లెల్లోని వారికి, మంచి చదువు అందించాలని కేంద్ర ప్రభుత్వం 1985-86లో వీటిని మొదలుపెట్టింది. సీబీఎస్ఈ సిలబస్, 6 నుంచి 12వ తరగతి వరకు చదువు. పిల్లలు అక్కడే హాస్టల్లో ఉండాలి.

చదువు, భోజనం, వసతి, యూనిఫాం, పుస్తకాలు ఉచితం. 9వ తరగతి నుంచి విద్యాలయ వికాస్ నిధి కింద నెలకు 600 రూపాయలు, ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలైతే 1,500 రూపాయలు తీసుకుంటారు. బాలికలు, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు, దారిద్ర్య రేఖకు దిగువన ఉన్న కుటుంబాల పిల్లలు ఇది కట్టనక్కర్లేదు.

నగరాల పిల్లలు రాయవచ్చా?

రాయవచ్చు. కాకపోతే పోటీ ఎక్కువ. ఒక్కో విద్యాలయంలో ఆరో తరగతికి గరిష్ఠంగా 80 మందిని తీసుకుంటారు. కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ ప్రాంత విద్యార్థులకే. అంటే 80 సీట్లుంటే పట్టణ విద్యార్థులకు దక్కేవి 20కి మించవు. మొత్తం సీట్లలో మూడో వంతు బాలికలకు కేటాయిస్తారు. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగుల రిజర్వేషన్లు ఉంటాయి.

తల్లిదండ్రులు ఎక్కువగా పొరబడేది ‘గ్రామీణ’ అన్న మాట దగ్గరే. సొంత ఊరు పల్లె అయినంత మాత్రాన ఆ కోటా వర్తించదు. విద్యార్థి 3, 4, 5 తరగతులు మూడూ పూర్తిగా గ్రామీణ ప్రాంతంలోని గుర్తింపు పొందిన పాఠశాలల్లోనే చదివి ఉండాలి. ఆ మూడేళ్లలో ఒక్క రోజు పట్టణ ప్రాంత పాఠశాలలో చదివినా పట్టణ విద్యార్థిగానే లెక్క.

ఏది గ్రామం, ఏది పట్టణం అన్నది ప్రభుత్వ నోటిఫికేషన్లను బట్టి ఉంటుంది. నగర శివార్లలోని పాఠశాల అయితే ప్రధానోపాధ్యాయుడిని అడిగి నిర్ధారించుకోండి. ఎంపికయ్యాక ధ్రువపత్రాలు పరిశీలిస్తారు. అక్కడ తేడా వస్తే చేతికొచ్చిన సీటు పోతుంది.

రెండో విషయం జిల్లా. విద్యాలయం ఏ జిల్లాలో ఉందో, పిల్లలు ఆ జిల్లాలోనే నివసిస్తూ అక్కడే అయిదో తరగతి చదువుతూ ఉండాలి. కొత్తగా ఏర్పడిన జిల్లాలో ఇంకా నవోదయ తెరవకపోతే పాత ఉమ్మడి జిల్లా సరిహద్దులనే పరిగణిస్తారు. జిల్లాల విభజన జరిగిన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఈ నిబంధన చాలామందికి ఉపయోగపడుతుంది. తెలంగాణకు 2024 డిసెంబరులో కేంద్రం మరో 7 నవోదయాలు మంజూరు చేసింది. హైదరాబాద్ జిల్లాకు మాత్రం సొంత నవోదయ లేదు. నగరంలో ఉంటున్నవారు తమ పాఠశాల ఏ జిల్లా పరిధిలోకి వస్తుందో చూసుకున్నాకే ముందుకెళ్లాలి.

వయోపరిమితి తేదీలు ఏటా మారతాయి. నవోదయ విద్యాలయ సమితి వెబ్‌సైట్‌లో ఉంచే ప్రాస్పెక్టస్‌లో వాటిని చూడండి. దరఖాస్తుకు ఫీజు లేదు. ప్రధానోపాధ్యాయుడు సంతకం చేసిన ధ్రువపత్రం అప్‌లోడ్ చేయాలి కాబట్టి చివరి రోజు దాకా ఆగొద్దు.

పరీక్ష ఎలా ఉంటుంది?

రెండు గంటల్లో 80 ప్రశ్నలు, 100 మార్కులు. ఒక్కో ప్రశ్నకు 1.25 మార్కులు.

• మెంటల్ ఎబిలిటీ: 40 ప్రశ్నలు, 50 మార్కులు
• అంకగణితం: 20 ప్రశ్నలు, 25 మార్కులు
• భాష: 20 ప్రశ్నలు, 25 మార్కులు

నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకుని ఓఎంఆర్ షీట్‌లో గుర్తించాలి. తప్పు జవాబుకు మార్కులు తగ్గించరు. కాబట్టి తెలియని ప్రశ్నైనా ఖాళీగా వదలొద్దని పిల్లలకు చెప్పండి.

బొమ్మల ప్రశ్నలకు ఏం చేయాలి?

మెంటల్ ఎబిలిటీలో ఉండేవన్నీ బొమ్మలే. భిన్నంగా ఉన్నదాన్ని గుర్తించడం, వరుసలో తర్వాతి బొమ్మ ఏదో చెప్పడం, అద్దంలో ఎలా కనిపిస్తుందో ఊహించడం, మడిచి రంధ్రం చేసిన కాగితం విప్పితే ఎలా ఉంటుందో కనిపెట్టడం వంటివి. పిల్లలు వీటిని పుస్తకంలో చూడకముందే చేత్తో చేసి చూడాలి.

పాత దినపత్రిక కాగితాన్ని రెండుసార్లు మడిచి, ఒక మూల చిన్న రంధ్రం చేయండి. విప్పకముందే ఎన్ని రంధ్రాలుంటాయో, ఎక్కడెక్కడ ఉంటాయో గీయమనండి. తర్వాత విప్పి చూపించండి. నాలుగు రంధ్రాలు ఉంటాయి. నాలుగైదు రోజులు ఇలా చేస్తే పుస్తకంలోని బొమ్మ దానంతటదే అర్థమవుతుంది.

గోడ గడియారాన్ని అద్దం ముందు పెట్టండి. మూడు గంటలు తొమ్మిది గంటల్లా కనిపిస్తుంది. కుడి ఎడమలు మారతాయి, పై కింద మారవు అన్న సూత్రం అక్కడే తెలుస్తుంది. పెద్ద బొమ్మలో దాగిన చిన్న బొమ్మను వెతికే ప్రశ్నలకు వాకిట్లో ముగ్గు చాలు. అందులో ఎన్ని చతురస్రాలు, ఎన్ని త్రిభుజాలు ఉన్నాయో లెక్కపెట్టించండి.

జవాబు తప్పయితే సరైనది వెంటనే చెప్పేయకండి. ‘ఇదే ఎందుకు అనుకున్నావు?’ అని అడగండి. ఎక్కడ దారి తప్పారో వాళ్ల మాటల్లోనే తెలుస్తుంది.

లెక్కల్లో తడబడేది ఎక్కడ?

కూడికలు, తీసివేతల్లో కన్నా భిన్నాలు, దశాంశాల్లోనే పిల్లలు ఎక్కువ తడబడతారు. 0.5 పెద్దదా, 0.45 పెద్దదా అని అడిగి చూడండి. 45 పెద్ద సంఖ్య కదా అని 0.45 అనేస్తారు. ‘అర్ధరూపాయి ఎక్కువా, 45 పైసలు ఎక్కువా’ అని అడిగితే ఠక్కున సరిగ్గా చెబుతారు.

చుట్టుకొలత, వైశాల్యం కూడా కలగాపులగం చేస్తుంటారు. గది అంచు వెంట కొలిచేది చుట్టుకొలత, నేలకు పరిచే టైల్స్ లెక్క వైశాల్యం అని ఇంట్లోనే కొలిచి చూపించండి. ఎక్కాలు 20 వరకు నోటికి వస్తే క.సా.గు., గ.సా.భా. లెక్కల్లో చాలా సమయం కలిసొస్తుంది.

తెలుగులో రాయాలా, ఇంగ్లీష్‌లోనా?

దరఖాస్తులో ఎంచుకున్న భాషలోనే ప్రశ్నపత్రం ఇస్తారు. సవరణలకు ఇచ్చే కొద్ది రోజుల గడువు దాటితే మార్చరు. ఇంగ్లీష్ మీడియంలో చదువుతున్నారు కదా అని ఆలోచించకుండా ఇంగ్లీష్ ఎంచుకోవద్దు.

ఇంట్లోనే ఒక పరీక్ష పెట్టి చూడండి. తెలుగులో ఒక పేరా, అదే స్థాయిలో ఇంగ్లీష్‌లో ఒక పేరా ఇచ్చి, ఒక్కోదానికి అయిదు ప్రశ్నలు అడగండి. ఏ భాషలో త్వరగా, సరిగ్గా చెబుతున్నారో చూసుకుని ఎంచుకోండి. తెలుగైతే ‘కసాగు’, ‘హారం’, ‘లవం’ లాంటి లెక్కల మాటలు తెలుసో లేదో కూడా చూడాలి. ఇంగ్లీష్‌లో లెక్కలు నేర్చుకున్న పిల్లలకు అవి కొత్తగా ఉంటాయి.

ఏ భాష ఎంచుకున్నా రోజూ ఒక పేజీ చదివించి, అందులో ఏముందో సొంత మాటల్లో చెప్పించండి. భాష విభాగానికి అదే మంచి సాధన.

ఓఎంఆర్ సాధన ఎందుకు?

అయిదో తరగతి పిల్లలు పెన్సిల్, రబ్బరుకు అలవాటుపడి ఉంటారు. ఇక్కడ బాల్‌పాయింట్ పెన్నుతోనే గుర్తించాలి. ఒకసారి నింపిన వృత్తాన్ని చెరపడం, దిద్దడం కుదరదు. ఒక ప్రశ్న వదిలేసి తర్వాతిదాని జవాబును దాని వరుసలో నింపితే అక్కడి నుంచి అన్నీ తప్పవుతాయి. పరీక్షకు ముందు రెండు నెలలు వారానికో నమూనా పరీక్ష పెన్నుతో, గడియారం పెట్టి రాయించండి.

సీటు వస్తే.. రాకపోతే..

పదకొండేళ్లకే ఇల్లు వదిలి ఉండటం చిన్న విషయం కాదు. 9వ తరగతిలో సుమారు 30 శాతం మంది విద్యార్థులను ఒక ఏడాది పాటు వేరే భాషా ప్రాంతంలోని నవోదయకు పంపుతారు. మన పిల్లలు హిందీ రాష్ట్రానికి వెళ్లాల్సి రావచ్చు. ఇవన్నీ దరఖాస్తు చేసే ముందే పిల్లలకు చెప్పి, వాళ్ల మాట వినండి. వెళ్లనని గట్టిగా చెబుతున్న బిడ్డను బలవంతంగా సిద్ధం చేసి ప్రయోజనం లేదు.

సీటు రాకపోతే తలుపులన్నీ మూసుకుపోయినట్టు కాదు. 9, 11 తరగతుల్లో ఖాళీలుంటే నవోదయలోకి మరో మార్గంలో వెళ్లవచ్చు. కోరుకొండ, కలికిరి సైనిక్ స్కూళ్లలో ఆరో తరగతికి వేరే పరీక్ష ఉంది. రెండు రాష్ట్రాల్లో గురుకులాలూ ఉన్నాయి. ఒక జిల్లాలో 80 సీట్లే ఉన్నప్పుడు, బాగా చదివే పిల్లలు కూడా చాలామంది బయటే మిగిలిపోతారు. ఫలితం వచ్చిన రోజు ఈ మాట పిల్లలకు అమ్మానాన్నల నోటి నుంచే వినిపించాలి.