విశాఖపట్నం లోక్‌సభ నియోజకవర్గం - పార్టీ వ్యవస్థ

ఓడరేవుకు, ఉక్కు కర్మాగారానికి పేరుపొందిన విశాఖపట్నం ఆంధ్రప్రదేశ్‌లోని 25 లోక్‌సభ నియోజకవర్గాలలో ఒకటి. బ్రిటన్‌లో వలెనే ఇక్కడ కూడా అందరికన్నా ఎక్కువ ఓట్లు వచ్చిన అభ్యర్థి గెలుస్తాడు. సగానికి మించి ఓట్లు రానక్కరలేదు.

2019లో వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి ఎం.వి.వి.సత్యనారాయణ, తెలుగుదేశం అభ్యర్థి మతుకుమిల్లి శ్రీభరత్‌పై 4,414 ఓట్ల ఆధిక్యతతో గెలుపొందాడు. మూడవ స్థానంలో నిలిచిన జనసేన అభ్యర్థి వి.వి.లక్ష్మీనారాయణకు 2,88,000 కు పైగా ఓట్లు వచ్చాయి. ఆ ఓట్లకు లోక్‌సభలో ప్రాతినిధ్యం లభించలేదు.

ఇటువంటి పద్ధతి పోటీని రెండు పక్షాలకు పరిమితం చేస్తుందని ఫ్రెంచి రాజనీతి శాస్త్రవేత్త మోరిస్ డువెర్జే 1951లో వెలువడిన తన గ్రంథంలో ప్రతిపాదించాడు. భారతదేశంలో ఆ రెండు పక్షాలు తరచుగా రెండు కూటములుగా ఏర్పడతాయి. 2024లో తెలుగుదేశం, జనసేన, భారతీయ జనతా పార్టీలు పొత్తు కుదుర్చుకొన్నాయి. జనసేన ఈ స్థానంలో పోటీ చేయలేదు. శ్రీభరత్ 5,04,247 ఓట్ల ఆధిక్యతతో విజయం సాధించాడు. రాష్ట్రమంతటా ప్రభుత్వ వ్యతిరేకత వ్యక్తమైన ఎన్నిక కనుక ఈ మార్పు పొత్తు వలన మాత్రమే వచ్చినది కాదు.

జర్మనీలో సాధారణంగా 5 శాతం ఓట్లు దాటిన పార్టీలకు ఓట్ల నిష్పత్తిలో స్థానాలు లభిస్తాయి. అందువలన అక్కడ పార్టీలు విడివిడిగా పోటీ చేసి, ఎన్నికల తరువాత కూటమి ఏర్పరచుకొంటాయి. విశాఖ ఓటరుకు కూటమి ముందుగానే తెలుస్తుంది. అయితే తనకు నచ్చిన పార్టీ గుర్తు ఓటింగు యంత్రంపై ఉండకపోవచ్చు.