తిమింగలాలు రాలేదు... చేపలు పట్టుకుని ఓ అతిథి వచ్చాడు!

ముసలివాళ్ళ ప్రేమ అనగానే మన హాల్లో నవ్వులు మొదలవుతాయి. తాతగారు బామ్మగారిని చూసి మీసం దువ్వితే చాలు, నేల క్లాసు నుంచి ఈలలు! హాస్యనటుల కోసం రాసిపెట్టిన సరుకు అది. కాని ఒక్క ఈల కూడా వేయనివ్వని చిత్రం ఒకటుంది. 1987లో వచ్చిన 'ది వేల్స్ ఆఫ్ ఆగస్ట్'. అంటే ఆగస్టు తిమింగలాలు.

కథ చెప్పమంటారా? చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. అమెరికాలో మెయిన్ రాష్ట్రపు సముద్రతీరం. 1954వ సంవత్సరం. ఒడ్డున పాత చెక్క ఇల్లు. అందులో ఇద్దరు విధవలైన అక్కాచెల్లెళ్ళు, లిబ్బీ, శారా. చిన్నప్పుడు ఏటా ఆగస్టులో తిమింగలాలు వస్తే పరుగెత్తి చూసేవాళ్ళు. ఇప్పుడవి రావడం మానేశాయి. అక్కకు కళ్ళు పోయాయి. చెల్లెలే ఆమెకు కళ్ళు. తల దువ్వాలన్నా ఆవిడే, వండి పెట్టాలన్నా ఆవిడే. శారా భర్త మొదటి ప్రపంచ యుద్ధంలో పోయినప్పుడు చెల్లెల్ని ఆదుకున్నది లిబ్బీ. ఆ బాకీ ఇప్పుడు తీరుతోందన్నమాట. అయితే లిబ్బీ నోరు మహా చెడ్డది. ఆ నోటికి చెల్లెలు రోజుకు పదిసార్లు బలి.

ఎవరు అక్క, ఎవరు చెల్లి?

ఇక్కడే పాఠకులకు ఓ తమాషా చెప్పాలి. చెల్లెలు శారాగా నటించిన లిలియన్ గిష్ 1893లో పుట్టింది. అక్క లిబ్బీగా నటించిన బెట్టీ డేవిస్ 1908లో పుట్టింది. అక్కకంటే చెల్లెలు దాదాపు పదిహేనేళ్ళు పెద్ద! అయినా తెరమీద అనుమానం రాదు. గిష్ 1912లో గ్రిఫిత్ దగ్గర మూకీ చిత్రాల్లో చేరింది. తోడుగా వచ్చింది సొంత చెల్లెలు డొరోతీ. డెబ్బై అయిదేళ్ళ తర్వాత కూడా ఆ కళ్ళల్లో పసితనం పోలేదు. డేవిస్ సంగతి వేరు. 1983లో కేన్సరు ఆపరేషను, వెంటనే పక్షవాతం. మనిషి సగమైంది. ఆ ఎండిపోయిన ముఖాన్ని ఏ మాత్రం దాచుకోకుండా కెమెరా ముందు పెట్టింది. దర్శకుడు లిండ్సే ఆండర్సన్ ఇంగ్లండువాడు. ఇద్దరు మహానటీమణులకూ సెట్లో అంతగా పొసగలేదని అప్పట్లో చెప్పుకున్నారు. పొసగకపోవడమే కథకు కలిసొచ్చిందేమో!

భూతాల బంగళా హీరో... పెద్దమనిషి వేషంలో

ఇక అతిథి. పేరు మరనోవ్. రష్యాలో జారు చక్రవర్తుల కాలం నాటి గొప్ప వంశంవాడు. విప్లవం తర్వాత దేశం వదిలి వచ్చి, ఎవరో ఒక స్నేహితుల ఇంట్లో అతిథిగా కాలం గడుపుతున్నాడు. ఆశ్రయమిచ్చిన ఆవిడ ఈమధ్యే కన్నుమూసింది. ఇప్పుడు నిలువ నీడ లేదు. ఈ వేషం వేసినది విన్సెంట్ ప్రైస్! భయానక చిత్రాల్లో జనాన్ని వణికించిన మనిషి. మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' పాట చివర వినిపించే ఆ వికటాట్టహాసం ఈయనదే. ఆ గొంతే ఇక్కడ పట్టుబట్టలా మెత్తగా ఉంటుంది.

అక్కాచెల్లెళ్ళ ఇంటి ముందు సముద్రంలో చేపలు పట్టుకొచ్చి ఇస్తాడు. శారా ఆయన్ని రాత్రి భోజనానికి పిలుస్తుంది. అక్కగారు ఆ చేపల్ని ముట్టనంటుంది. చెల్లెలు మాత్రం మంచి గౌను తొడుక్కుని, బల్లమీద కొవ్వొత్తులు వెలిగిస్తుంది. భోజనమయ్యాక ఆయనా శారా సముద్రం మీద వెన్నెల చూస్తారు. అంతే. చెయ్యి పట్టుకుని పాట పాడుకోరు. కాని ఆ రెండు నిమిషాల్లో శారా ముఖంలో వచ్చే వెలుగు చూడండి... తొంభై దాటిన మనిషి ముఖమా అది!

అప్పుడు లిబ్బీ నోరు విప్పుతుంది. ఈ ఇంట్లో మకాం వేద్దామనుకుంటున్నారేమో, ఆ ఆశ పెట్టుకోకండి అన్న మాట మొహం మీదే అనేస్తుంది. కళ్ళు లేని మనిషికి అన్నీ కనబడుతున్నాయి మరి. ఆయన కోప్పడడు. మర్యాదగా సెలవు తీసుకుంటాడు.

మరనోవ్ వచ్చింది శారా కోసమా, గది కోసమా? చాలామంది రెండోదే అంటారు. నాకలా అనిపించదు. పాతికేళ్ళ కుర్రాడు పిల్ల అందం చూసి వస్తే ప్రేమట. ఎనభైకి దగ్గరపడ్డవాడు వేడి కాఫీ ఇచ్చే చెయ్యి కోసం వస్తే స్వార్థమట! ఆ వయసులో నీడ కావాలనుకోవడానికీ, మనిషి కావాలనుకోవడానికీ మధ్య గీత ఎక్కడ గీస్తాం? ఆమాటకొస్తే లిబ్బీది మాత్రం స్వార్థం కాదా? చెల్లెలు పరాయిదైపోతే తన తల దువ్వేదెవరు? ఆ రాత్రి ఆమె కటువుగా మాట్లాడింది దర్పంతో కాదు, భయంతో.

మనవైపు 2012లో భరణి 'మిథునం' తీశారు. శ్రీరమణ కథ. బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి తప్ప తెరమీద మరొకరు లేరు. ఆ ముసలి దంపతుల సరసం చూసి ఎవరూ వెక్కిరించలేదు. మెడలో తాళి ఉంది గనక! తాళి లేని శారా కొవ్వొత్తులు వెలిగిస్తే మన బంధువర్గం ఏమంటుందో మీరే ఊహించుకోండి.

కిటికీ పెట్టిద్దాం...

అతిథి వెళ్ళిపోయాక శారా ఒంటరిగా తన పెళ్ళిరోజు జరుపుకుంటుంది. పోయిన భర్త ఫొటో ముందు ఒక ఎర్ర గులాబీ, ఒక తెల్ల గులాబీ. నలభై ఆరేళ్ళయింది పెళ్ళయి. ఒక్క మనిషి, ఒక ఫొటో... అంతసేపు గిష్ తెరను ఒంటిచేత్తో నిలబెడుతుంది.

మర్నాడు స్నేహితురాలు టీషా ఇళ్ళ బ్రోకరును వెంటబెట్టుకొస్తే, ఇల్లు అమ్మేది లేదని శారా పంపించేస్తుంది. ఈ టీషా పాత్రకే ఆన్ సదరన్‌కు ఆస్కార్ నామినేషన్ వచ్చింది. గిష్‌కూ డేవిస్‌కూ రాలేదు. అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

సముద్రం చూడడానికి పెద్ద కిటికీ పెట్టిద్దామని శారా మొదట్నించీ పోరుతుంటే, ఈ వయసులో కొత్త హంగులేమిటని లిబ్బీ కాదంటూ వచ్చింది. ఇప్పుడు ఆ గుడ్డి అక్కే ఒప్పుకుంటుంది, తను ఎన్నటికీ చూడలేని కిటికీకి! తర్వాత ఇద్దరూ చేతులు పట్టుకుని తిమింగలాల కోసం రేవు కొసదాకా నడుస్తారు. మరనోవ్ మాత్రం మళ్ళీ ఆ ఇంటికి రాడు.