మెత్తని యంత్రాల విద్య అందరికీ అందేనా?

దిల్‌సుఖ్‌నగర్: గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు 2021లో బాటసింగారం తరలిపోయే వరకూ వేసవి వచ్చిందంటే కొత్తపేటలో ఎటు చూసినా మామిడిపండ్ల రాశులే. పండు కందకుండా చేత్తో తీసి, పక్వం చూసి వేరుచేయడం కూలీల నేర్పు. ఇనుప చేతుల యంత్రానికి ఈ పని కష్టం. నొక్కు కాస్త ఎక్కువైతే పండు చితుకుతుంది. అందుకే శాస్త్రవేత్తలు రబ్బరు, సిలికోన్, బట్టతో మెత్తని చేతులున్న యంత్రాలు తయారుచేస్తున్నారు. గాలి నింపితే వేళ్ళు ముడుచుకుంటాయి, తీసేస్తే విచ్చుకుంటాయి. వీటికే ‘సాఫ్ట్ రోబోలు’ అని పేరు.

పోలియో సోకిన కూతురి కోసం

ఈ విద్యకు తొలి పునాదుల్లో ఒకటి పడింది ఒక బాలిక కోసం. 1950లలో అమెరికాలో జోసెఫ్ మెకిబెన్ అనే భౌతిక శాస్త్రవేత్త కుమార్తెకు పోలియో సోకి చేతులు చచ్చుబడ్డాయి. ఆయన రబ్బరు గొట్టానికి అల్లిక వల తొడిగి గాలి కొట్టించాడు. గొట్టం లావెక్కి, పొడవు తగ్గి, అచ్చం కండరంలాగే వేళ్ళను లాగింది. నేటికీ దాన్ని ‘మెకిబెన్ కండరం’ అనే పిలుస్తారు.

ఇటువంటి ఉదాహరణ మన పక్కనే ఉంది. ఎల్బీనగర్‌కు ఎంతో దూరం లేని కంచన్‌బాగ్‌లోని రక్షణ పరిశోధనశాలలు క్షిపణులకు పేరుపొందాయి. 1990లలో డాక్టర్ అబ్దుల్ కలాం బృందం ‘నిమ్స్’ వైద్యులతో కలిసి పోలియో పిల్లలకు తేలికపాటి కాలిపర్లు తయారుచేసింది. అంతకు ముందు 3 కిలోల బరువు ఈడ్చిన పిల్లలకు 300 గ్రాములవి వచ్చాయి. ఆస్పత్రిలోని కష్టం పరిశోధనశాల గడప తొక్కింది కనుకనే అది సాధ్యమయింది.

గడప తొక్కేదెవరు?

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లకు, హాస్టళ్ళకు జిల్లాల నుంచి వేలాదిగా పిల్లలు వస్తుంటారు. వారిలో తెలుగు మీడియంలో చదివినవారు, ఇంట్లో మొదటగా కాలేజీ మెట్టెక్కినవారు ఎందరో. కొత్త సాంకేతిక విద్య అంటే ఇంగ్లీషు ధాటిగా మాట్లాడేవారిదేనన్న బెరుకు వారిని వెనక్కి లాగుతోంది.

నిజానికి ఈ విద్యకు కావలసింది చేతిపని కూడా. అచ్చులో సిలికోన్ పోయడం, గాలి పోకుండా అతకడం, బట్టను లెక్కగా కుట్టడం తెలియాలి. వీధి చివర పంక్చర్లు వేసే మెకానిక్‌కు, కుట్టుమిషను నడిపే ఇల్లాలికి ఇవి కొత్త కావు. కాని వారిని పిలిచి అడిగేదెవరు?

సాగర్ రోడ్డు పట్టుకుని పోతే నల్లగొండ జిల్లాలో మర్రిగూడ వంటి ప్రాంతాలు వస్తాయి. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి ఎముకలు వంగిపోయినవారు అక్కడ నేటికీ ఉన్నారు. నిటారుగా నిలిచే మగవాడి కొలతలతో కుట్టిన తొడుగు వారికి సరిపోదు. బీడీలు చుట్టే ఆడవారి చిన్న చేతులకూ సరిపోదు. కొలత తీసేటప్పుడే వారు ఎదుట ఉండాలి. కూలీ చేసే పని యంత్రం చేయబోతున్నప్పుడు ఆ కూలీ మాట కూడా వినాలి.

సీటుతో సరిపోదు

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం, ప్రభుత్వోద్యోగాల్లో కనీసం 4 శాతం కేటాయించమంది. సీటు దొరికినా, ప్రయోగశాల మూడో అంతస్తులో ఉండి లిఫ్టు లేకపోతే చక్రాల కుర్చీలో వచ్చిన విద్యార్థికి ఒరిగేదేమిటి? 2018లో ఎల్బీనగర్‌కు మెట్రో వచ్చినప్పుడు ప్రతి స్టేషనులో లిఫ్టు పెట్టగలిగారు. కళాశాలల్లోనూ పెట్టవచ్చు.

దీనికి కోట్లు అక్కర్లేదు. చిన్న గాలిపంపు, రబ్బరు గొట్టం, వల ఉంటే మెకిబెన్ కండరాన్ని పాఠశాలలోనే చేసి చూపవచ్చు. పాఠాలు తెలుగులో చెప్పాలి. ఆడపిల్లలు చీకటి పడకముందే ఇల్లు చేరేలా తరగతుల వేళలు మార్చాలి. వికలాంగులను సాయం పుచ్చుకునేవారుగానే గాక తయారుచేసేవారుగా పిలవాలి. ఈ ప్రాంతపు కళాశాలలు, విద్యాశాఖాధికారులు ముందుగా ఒక్క పాఠశాలలోనైనా దీన్ని మొదలుపెట్టడం అవసరం.