స్విచ్ ఆపినా ఆగని కరెంటు: మిద్దె మీద సోలార్ ఉంటే ఇది తెలియాల్సిందే

అలిపిరి మెట్లెక్కి కొండకి వెళ్లినవాళ్లు అక్కడ అన్నప్రసాదం తినే ఉంటారు. ఆ వంటకి ఎండని కూడా వాడారని ఎంతమందికి తెలుసు? 2002లో టీటీడీ వంటశాల కోసం తిరుమలలో 106 అద్దాల డిష్‌లు పెట్టారు. రోజుకి సుమారు 4 టన్నుల ఆవిరి, 15,000 మందికి వంట... ఇదీ దాని కెపాసిటీ.

ఈ రకం డిష్‌ని తయారుచేసింది వోల్ఫ్‌గ్యాంగ్ షెఫ్లర్. మొదటిది 1986లో కెన్యాలో నిలబెట్టారు. మామూలు సోలార్ డిష్ మీద వండాలంటే ఎండలో, కళ్లు చెదిరే వెలుగులో, గిన్నె పక్కనే నిలబడాలి. షెఫ్లర్ డిష్ సూర్యుడి వెంట తిరుగుతుంది గానీ, వేడి పడే చోటు మాత్రం కదలదు. అందుకే అక్కడే నీళ్లని ఆవిరి చేసి, గొట్టాల్లో వంటింటికి పంపొచ్చు. వంటవాళ్లు నీడలో ఉంటారు. 180 డిగ్రీల ఆవిరి అంటే ప్రమాదమే, కానీ డిష్‌ని పక్కకి తిప్పేస్తే వేడి ఆగిపోతుంది.

ఇప్పుడు మన మిద్దె మీదికి వద్దాం. 2024లో వచ్చిన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ ఉంది కాబట్టి చాలా ఇళ్లలో ప్యానెళ్లు పెడుతున్నారు. వీటిని పక్కకి తిప్పలేం. వెలుతురు పడుతున్నంతసేపూ వాటిలో వోల్టేజీ ఉంటుంది. ఒక్కో పెద్ద ప్యానెల్ నుంచి 45, 50 వోల్టులు వస్తాయి. ఆరింటిని వరసగా కలిపితే దాదాపు 300 వోల్టులు!

వీధిలో కరెంటు పోతే బ్యాటరీ లేని సోలార్ ఇన్వర్టర్ కూడా ఆగిపోతుంది. అది రిపేరు కాదు. స్తంభం మీద పనిచేసే లైన్‌మ్యాన్‌కి మన ఇంటి నుంచి షాక్ కొట్టకుండా అలా పెట్టారు. కానీ ప్యానెల్ నుంచి వచ్చే వైర్లలో వోల్టేజీ అప్పుడూ ఉంటుంది.

ఇంకో సంగతి. ఇంట్లో వచ్చే ఏసీ కరెంటు సెకనుకి 100 సార్లు సున్నాకి వస్తుంది కాబట్టి, నిప్పురవ్వ లేచినా ఆరిపోయే అవకాశం ఎక్కువ. ప్యానెల్ నుంచి వచ్చేది డీసీ. అది సున్నాకి రాదు. కనెక్టర్ లూజుగా ఉంటే అక్కడ రవ్వ అలాగే మండుతూ, ప్లాస్టిక్‌ని కరిగించి నిప్పంటించగలదు. అందుకే డీసీ వైపు మామూలు ఏసీ ఎంసీబీ పెట్టకూడదు.

మరి ఏం చేయాలి?

బిగించేటప్పుడే అడగండి: డీసీకి తగిన ఐసోలేటర్ ఉందా? ఎర్తింగ్ వేశారా? కనెక్టర్లు రెండు వైపులా ఒకే కంపెనీవేనా?

సిస్టమ్ నడుస్తుండగా కనెక్టర్ లాగొద్దు. అద్దం పగిలిన ప్యానెల్ మీద నీళ్లు పోయొద్దు. కోతులు వైర్లు కొరికితే మీరే టేపు చుట్టేయకుండా ఇన్‌స్టాలర్‌ని పిలవండి.

మంటలొస్తే, చేతికి అందితే మెయిన్, తర్వాత డీసీ ఐసోలేటర్ ఆపేసి దూరంగా వెళ్లండి. 101కి ఫోన్ చేసినప్పుడు "మిద్దె మీద సోలార్ ఉంది" అని తప్పకుండా చెప్పండి. మెయిన్ ఆపేశారుగా అని ఫైర్ సిబ్బంది పైకెక్కితే, ఆ వైర్లలో ఇంకా కరెంటు ఉంటుంది. మీరు చెప్పే ఆ ఒక్క మాట ఒకరి ప్రాణం కాపాడొచ్చు.

మీ ఇంట్లో ఐసోలేటర్ ఎక్కడుందో ఇవాళే చూసి, ఇంట్లో అందరికీ చూపించండి.