మిల్లు గాలిగొట్టములు: పూడిక తీయవలసిన మఱియొక కాలువ

వేసవిలో కాలువలు కట్టివేసిన దినములలో పూడిక తీయింపకున్నచో నీరు చివరి పొలమునకు చేరదని మన రైతులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ రైతులే వాటాదారులుగ నున్న సహకార సంఘపు బియ్యపు మిల్లులో మఱియొక కాలువ గలదు. అందు పాఱునది నీరు గాదు, గాలి. యంత్రములయొద్ద లేచు ధూళిని పీల్చి వెలుపలకు గొనిపోవు రేకు గొట్టములే యా కాలువ. దాని పూడిక యెన్నడైన తీసిరా యని యడుగు సభ్యులు మిక్కిలి తక్కువ. విత్తనము, ఎరువు చూపు ప్రదర్శకునకు మిల్లు గొట్టముల జోలి యేల యని కొందఱనవచ్చును. పండిన ధాన్యము బియ్యమగు చోట పని చేయువారు మన యూరి కూలివారే. మన వాటా ధనమును అచ్చటనే యున్నది.

ముందుగ ఆ యేర్పాటును తెలిసికొందము. ధాన్యము కుమ్మరించు గుంతమీదను, ఎలివేటరు తలయొద్దను, పాలిషరు ప్రక్కను రేకు మూతులు బిగించి, వానినుండి వచ్చు గొట్టములను ఒక పెద్ద గొట్టమున కలుపుదురు. పంకా గాలిని బలముగ లాగును. ధూళితో గూడిన గాలి గరాటువంటి సైక్లోనులో గిఱగిఱ తిరుగగా బరువైన ధూళి గోడకు కొట్టుకొని క్రిందికి జాఱును. సన్నని ధూళిని గుడ్డసంచులు పట్టుకొనును. ఇట్టి గొట్టములలో గాలి నిమిషమునకు సుమారు 3,500 మొదలు 4,000 అడుగుల వేగముతో పోవునట్లు సాధారణముగ అమర్తురు. ఆ వేగము తగ్గినచో ధూళి గాలిలో తేలజాలక, అడ్డముగ పఱచిన గొట్టపు అడుగునను, వంపులయందును దిగబడును. నీరు మందగించిన చోట ఒండ్రు దిగుటయు నిట్లే గదా.

వేగము తగ్గుటకు కారణములు చూడ చిన్నవే. పంకా బెల్టు వదులై జాఱవచ్చును. రెక్కలకు తవుడు అట్టకట్టవచ్చును. సంచులు మూసికొనిపోవచ్చును. అతుకులయొద్ద రంధ్రము పడినను, సైక్లోను అడుగున ధూళి దించు మూత సరిగ పడకున్నను గాలి అక్కడనుండియే దొంగదారిన లోనికి వచ్చును. అన్నిటికంటె చెడ్డపని మఱియొకటి గలదు. క్రొత్త యంత్రము పెట్టినప్పుడు లెక్క చూడక పాత గొట్టమునకు కన్నము కొట్టి క్రొత్త శాఖ తగిలింతురు. ఎగువ రైతు గట్టు తెగగొట్టి అదనపు బోదె తీసికొన్నచో దిగువవాని గతి యేమగునో, దూరమున నున్న యంత్రము గతియు నదియే యగును. మేస్త్రీని అడిగినచో ‘పంకా తిరుగుచున్నది గదా’ యనును. పంకా తిరుగుట వేఱు, గాలి పాఱుట వేఱు.

గొట్టమున నిలిచిన తవుడు పురుగునకు ఇల్లగును. క్రొత్త బియ్యమునకు పురుగు పట్టుట కొన్నిసారులు అచ్చటనే మొదలగును. కూలివారికి దగ్గును, దురదయు వచ్చును. వీనికంటె పెద్ద అపాయము నిప్పు. బస్తాలోని పొడి నెమ్మదిగ కాలును. అదే పొడి మూసిన చోట గాలిలో దట్టముగ లేచియుండగా నిప్పురవ్వ సోకినచో ఒక్కపెట్టున ప్రేలును. అమెరికాలో మిన్నియాపొలిసు నగరమున 1878 మే 2న వాష్‌బర్ను పిండిమిల్లు ఇట్లు ప్రేలగా, ప్రక్క మిల్లులవారితో కూడ 18 మంది మరణించిరి. 1977 డిసెంబరు 22న లూయిసియానా రాష్ట్రములోని వెస్ట్‌వేగోయొద్ద ధాన్యపు గాదెలు ప్రేలి 36 మంది చనిపోయిరి.

గొట్టముల మాటకు మిక్కిలి దగ్గఱది అదే దేశమున జార్జియా రాష్ట్రమందలి పోర్టు వెంట్‌వర్తు చక్కెర కర్మాగారపు సంగతి. ఇంపీరియల్ షుగరు కంపెనీవారి యీ కర్మాగారమున, చక్కెరలో మలినము పడకుండుటకై 2007లో గాదెల క్రింద నడచు బెల్టును ఉక్కు రేకులతో మూసివేసిరి. ఉద్దేశము మంచిదే. కాని మూసిన యా పెట్టెనుండి ధూళిని లాగుటకు ఏర్పాటు చేయలేదు. 2008 ఫిబ్రవరి 7న అచ్చటనే మొదటి ప్రేలుడు పుట్టెను. వేడెక్కిన బేరింగు నిప్పు ముట్టించియుండవచ్చునని ప్రభుత్వపు విచారణ బోర్డు తన 2009 నివేదికలో వ్రాసినది. ఆ యదరునకు నేలమీదను, దూలములమీదను పేరుకొనియున్న పొడి లేచి మరల మరల ప్రేలెను. మంట ఒక కట్టడమునుండి మఱియొక కట్టడమునకు పాకెను. 14 మంది మరణించిరి, 36 మంది గాయపడిరి. ధూళిని లాగు గొట్టములు ఆ కర్మాగారమున లేకపోలేదు. వానిలో కొన్ని సగమును, కొన్ని పూర్తిగను చక్కెర పొడితో పూడిపోయియుండెను.

మన దేశమున 1949 ఏప్రిలు 1న అమలునకు వచ్చిన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము, ధూళి పుట్టు చోటికి వీలైనంత దగ్గఱనే దానిని లాగు సాధనముండవలెనని 14వ సెక్షనున విధించినది. ప్రేలెడి ధూళిని గూర్చి 37వ సెక్షను చెప్పినది. ఆ చట్టము స్థానమున పార్లమెంటు 2020లో వృత్తి భద్రత, ఆరోగ్యము, పని పరిస్థితుల కోడును ఆమోదించినది. అయితే సభ్యునకు సెక్షనుకంటె కొలత యెక్కువ పనికివచ్చును. అమెరికాలో ధాన్యపు గిడ్డంగులకై 1987లో చేసిన నిబంధనలు, కట్టడములోపలి ఎలివేటరునకు 35 అడుగుల లోపున నేలమీది ధూళి అంగుళములో ఎనిమిదవ వంతు మించగనే తీసివేయవలెనని చెప్పుచున్నవి. రెండు రూపాయి బిళ్లలను ఒకదానిపై నొకటి పెట్టిన సుమారు అంత మందము. మన మిల్లులో ఆ కొలత పెట్టి చూచుటకు ఎవరి యనుమతియు నక్కఱలేదు.

గొట్టము లోపల చూచుటకు వంపుల దగ్గఱ చిన్న తలుపులుండవలెను. అవి లేనిచో చెక్కతో తట్టి చూడుడు. ఖాళీ గొట్టము మ్రోగును, పూడినది మూగవోవును. లాడమువలె వంచిన గాజు గొట్టమున నీరు పోసి, సంచుల పెట్టెకు ముందొక కొనను, వెనుకనొక కొనను తగిలించినచో రెండు వైపుల నీటిమట్టముల భేదము తెలియును. సంచులు శుభ్రముగ నున్ననాటి భేదమును గుర్తు పెట్టుకొనవలెను. అది నానాటికి పెరిగినచో సంచులు మూసికొనుచున్నవి. హఠాత్తుగ పడిపోయినచో సంచి చిరిగినదో, గాలియే తగ్గినదో చూడవలెను.

శుభ్రము చేయుదినమున మిల్లు ఆపి, మెయిన్ స్విచ్చి తీసి తాళము వేయవలెను. తాళపుచెవి లోపల పనిచేయువాని యొద్దనే యుండవలెను. బీడీ, వెల్డింగు ఆ దరికి రారాదు. గాలిపంపుతో ఊదుట తగదు. ధూళి చోటు మారునే గాని పోదు, పైగా మేఘమై లేచును. ముక్కునకు తగిన తొడుగు వేసికొని, మెత్తని కుంచెతోను, ధూళి పీల్చు యంత్రముతోను దూలములనుండి మొదలిడి క్రిందికి రావలెను. ఒక దినపు ఆట పోవునని పాలకవర్గమువారు గొణగుదురు. గొణుగనిండు.

ఖరీఫు ధాన్యము మిల్లునకు రాకముందే ఈ పని యొకమాఱు సంపూర్ణముగ జరుగవలెను. మిల్లు నడచు కాలమున నెలకొకసారి తలుపులు తెఱచి చూచి, తేదీని, ధూళి మందమును, నీటిమట్టపు భేదమును ఒక పుస్తకమున వ్రాయవలెను. సర్వసభ్య సమావేశమున లాభనష్టముల పట్టీ చదువునప్పుడు ఆ పుస్తకమును గూడ తెప్పించి చదివించుడు.